మా పెద్దమ్మాయి ఓణీల ఫంక్షన్: పీటల దగ్గర నేనుండకూడదట

ఏలూరు_వేణి
వచ్చే నెల మా పెద్దమ్మాయికి ఓణీలు ఇస్తున్నాం. పదమూడో ఏడు నడుస్తోంది. తను నా కడుపున పుట్టలేదు. వాళ్లమ్మ పోయాక మా ఆయన్ని నేను చేసుకున్నాను, అప్పటికి తను రెండో తరగతి. నా మొదటి పెళ్లిలో పుట్టిన బాబు కూడా మాతోనే ఉంటాడు, ఇప్పుడు నాలుగో తరగతి.

గొడవేమిటంటే, మా ఆయన తరఫు పెద్దావిడ ఒకరు "మారుటి తల్లి పీటల దగ్గర ఉండకూడదమ్మా, హారతి మేనత్తలు ఇస్తారులే, నువ్వు వంటల దగ్గర చూసుకో" అన్నారు. ఇంకోవైపు పిల్ల సొంత మేనమామ, అంటే వాళ్లమ్మ తమ్ముడు, లంగా ఓణీ తానే తెస్తానని ఫోన్ చేశాడు. దానికి మా అమ్మ మొహం మాడ్చుకుంది, "మీ తమ్ముడు ఉండగా వాళ్లెందుకు" అని. నాకైతే ఆయన తేవడమే ఇష్టం. పిల్లకీ అదే ఇష్టం.

మీ ఇళ్లలో ఇలాంటి వేడుకలు ఎలా జరిగాయి? కష్టాల కథలు వద్దు, అవి నా దగ్గరే బోలెడు ఉన్నాయి. బాగా జరిగినవి చెప్పండి.

గోదారిగట్టు
ఆ పెద్దావిడనే వంటల దగ్గర పెట్టండి. సమస్య తీరింది.

చింతపండుపులిహోర
అప్పుడు భోజనాలు ఏమైపోవాలి @గోదారిగట్టు?

కోదాడ_బాపు
శాస్త్రం పేరు చెప్పి ఎవరైనా అడ్డుపడితే ఒక్క మాట అడగండి. ఓణీల వేడుక షోడశ సంస్కారాల్లో ఎక్కడుంది? లేదు. అక్షరాభ్యాసం, ఉపనయనం, వివాహం లాగా దీనికో మంత్రవిధి లేదు. ఇంటి ఆచారం అంతే. మేనమామ బట్టలు పెట్టడం, ముత్తైదువలు అక్షింతలు వేయడం, హారతి ఇవ్వడం, భోజనం. ఇంటి ఆచారమైతే ఇల్లు నడిపేవాళ్లే నిర్ణయించుకోవచ్చు. ఇక మేనమామ సంగతంటారా, ఆయన వస్తానంటే ఎదురెళ్లి తీసుకురండి. అక్క లేని ఇంటికి అక్క కూతురి కోసం వస్తున్న మనిషి.

నిజం_నిష్ఠూరం
నాకు అసలీ ఫంక్షనే నచ్చదు. పిల్ల పెద్దదైందని ఊరంతటికీ ఫ్లెక్సీ వేసి చెప్పాలా? ఆ డబ్బు దాని చదువుకి దాచండి. అప్పుడు ఎవరు ఎక్కడ నిలబడాలన్న టెన్షనే ఉండదు.

ఏలూరు_వేణి
@నిజం_నిష్ఠూరం ఫ్లెక్సీ వేయట్లేదండీ. ఇంటి మేడ మీద, దగ్గరివాళ్లతోనే. మేమూ వద్దనే అనుకున్నాం. తనే అడిగింది. క్లాసులో ఇద్దరు ముగ్గురికి అయ్యాయట.

వరంగల్_డాడీ
మాది వేరే కథ. నేను వచ్చేసరికి బాబుకు ఆరేండ్లు. మొదట్లో నన్ను ఏమని పిలవాలో తెలియక, అసలు పిలవకుండానే పని కానిచ్చేవాడు. ఎదురుగా వచ్చి నిలబడేవాడు, నేను చూసేదాకా. నేనూ ఏమీ అనలేదు.

మూడో తరగతిలో కుటుంబ వృక్షం గీసుకురమ్మన్నారు. నలుగురు నానమ్మలు, అమ్మమ్మలు, తాతలు, ఇద్దరు నాన్నలు. డ్రాయింగ్ షీట్ సరిపోలేదు. పక్కన ఇంకో షీట్ ఫెవికాల్ పెట్టి అంటించాడు. అంటించిన చోట ముడతలు పడి సగం చెట్టు వంకర పోయింది. స్కూల్లో అందరివీ ఒక్క షీటు, వీడిదే చాప లాగా చుట్టుకొని తీసుకుపోయాడు. టీచరమ్మ దాన్ని గోడకు అడ్డంగా పెట్టిందట, నిలువుగా పట్టలేదని. వచ్చి చెప్పిండు, "నాకే అందరికన్నా పెద్దది" అని. ఆ రోజు నేను ఆఫీసులో అందరికీ సమోసాలు తెప్పించిన. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

బాపట్ల_బుజ్జి
@వరంగల్_డాడీ సమోసాలు తిన్నవాళ్లలో నేనుంటే బాగుండేది. చదువుతుంటే కళ్లు తడిశాయి.

డాలస్_తాయారు
మాకు ఇద్దరికీ రెండో పెళ్లే. నాకొక కూతురు, ఆయనకొక కూతురు, ఏడాది తేడా. ఆయన కూతురు వారం విడిచి వారం వస్తుంది, థ్యాంక్స్ గివింగ్ ఒక ఏడు మాకు, ఒక ఏడు వాళ్లమ్మకి. కోర్టు కాగితంలో అలా ఉంది. ఉగాది, సంక్రాంతి ఆ కాగితంలో లేవు కాబట్టి వాటికి ఇక్కడ ఎవరితో ఎవరూ కొట్టుకోరు. అందుకని మా ఇంట్లో అసలైన పండగలు అవే అయిపోయాయి.

నా సంతోషం చెబితే నవ్వుతారు. మొదటి ఏడాదంతా ఆ ఇద్దరు పిల్లలూ ఒకరితో ఒకరు చుట్టాలింటికొచ్చినట్టు ఉండేవాళ్లు. "నువ్వు తీసుకో", "పర్లేదు, నువ్వే తీసుకో". నాకు భయమేసేది. ఒక శనివారం పొద్దున ఆవకాయ జాడీ అడుగున మిగిలిన ఒక్క ముక్క కోసం ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. "నువ్వెప్పుడూ ఇంతే" అని అరుచుకున్నారు. ఎప్పుడూ ఇంతే అనడానికి ఎన్నాళ్లయిందమ్మా మీరు కలిసి? నేను ఆయన్ని పిలిచి చూపించాను. విడదీయబోతే ఆగమన్నాను.

చింతపండుపులిహోర
చివరికి ముక్క ఎవరికి దక్కింది?

డాలస్_తాయారు
ఆయనకి. పిల్లలు కొట్టుకుంటుంటే పెరుగన్నంలో వేసుకుని తినేశారు. అప్పుడు ఇద్దరూ ఒకటైపోయారు.

గోదారిగట్టు
సవతి అక్కచెల్లెళ్లను కలిపే ఉమ్మడి శత్రువు: నాన్న.

పిన్నిగారబ్బాయి
మేడమ్ @ఏలూరు_వేణి, ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్లాణ్ని నేను. ఇప్పుడు ముప్పై దాటాయి. మాకు పెద్ద వేడుకలు పెద్దగా గుర్తుండవు, ఫోటోలు చూస్తే తప్ప. నాకు గుర్తున్నది మా పిన్ని (నాన్న రెండో భార్య) మా అమ్మ తద్దినం రోజు ఏం చేసేదో. మా అమ్మకి గుత్తొంకాయ ఇష్టమని ఎవరో చెప్పారట, ప్రతి ఏడూ ఆ ముందు రోజు ఇంట్లో అదే కూర. ఎందుకు చేస్తున్నదీ ఎప్పుడూ చెప్పలేదు. నాకు పదిహేనేళ్లు వచ్చాక నాన్నమ్మ చెప్పింది. అలాగే అమ్మ ఫోటో హాల్లోంచి తీయలేదు. ఇల్లు మారినప్పుడు కూడా ఆ ఫోటోకి మేకు ముందు కొట్టించి, తర్వాతే టీవీ పెట్టించింది.

మీరు ఆ మేనమామని రానివ్వడం అలాంటిదే. పిల్ల ఇప్పుడేమీ అనకపోవచ్చు.

నిజం_నిష్ఠూరం
@పిన్నిగారబ్బాయి ఇది చదివాక నా మొదటి పోస్టు మీద పట్టు కొంచెం సడలింది. కొంచెమే. ఇంకో సంగతి, ఇక్కడ అందరూ తీపి కథలే రాస్తున్నారు. మా అక్క ఇంట్లో పెద్దవాడు ఇప్పటికీ మా బావతో ముక్తసరిగానే మాట్లాడతాడు. అలా ఉండేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లు ఇది చదివి మా ఇంట్లో ఎందుకిలా లేదని బాధపడకూడదు.

కోదాడ_బాపు
న్యాయమైన మాట. అయితే ముక్తసరిగా మాట్లాడడం కూడా మాట్లాడడమే. సొంత తండ్రితో ఇంటర్ చదివే కొడుకు ఎంత మాట్లాడతాడంటారు?

నిజం_నిష్ఠూరం
అదీ నిజమే. మావాడు నాతో "చార్జర్ ఎక్కడ" తప్ప మాట్లాడడు.

రాజోలు_రమ
నాది అటువైపు కథ. నేను కన్నతల్లిని. విడాకులయ్యాయి, ఆయన మళ్లీ చేసుకున్నారు, సెలవులకి పాప అక్కడికి వెళ్తుంది. ఆవిడ ఎలాంటిదో అని నిద్రపట్టేది కాదు. మొదటి వేసవి సెలవుల్లో తెలియని నంబర్ నుంచి ఫోన్. ఆవిడే. "అక్కా, పాప వేరుశనగ చట్నీ తింటానంటోంది, మొన్న మీరు పడదన్నారని వాళ్ల నాన్న అంటున్నారు, పెట్టనా వద్దా?" అంది. పడదు, దద్దుర్లు వస్తాయి, కొబ్బరి చట్నీ పెట్టమని చెప్పాను. ఆ తర్వాత ఇద్దరం పాప జ్వరాలు, పరీక్షలు మాట్లాడుకోవడానికి ఆయన అక్కర్లేకుండా పోయింది. పాప పెద్దమనిషి అయినప్పుడు చిమ్మిలి నేను చేశాను, సున్నుండలు ఆవిడ పంపింది. పాప రెండూ తిని, ఆవిడ సున్నుండలే బాగున్నాయంది. నెయ్యి ఎక్కువ పోసి ఉంటుంది, అంతే.

బాపట్ల_బుజ్జి
"నెయ్యి ఎక్కువ పోసి ఉంటుంది, అంతే" 😂 ఈ ఒక్క ముక్కలోనే మొత్తం తెలుస్తోంది రమ గారూ.

ప్లీడరు_గుమాస్తా
మంచి మాటల మధ్య కాగితాల గోల తెస్తున్నందుకు తిట్టుకోకండి. ఇలాంటి ఇళ్లలో చాలామంది ఇది పట్టించుకోరు.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం సవతి తల్లి, సవతి తండ్రి సహజ సంరక్షకులు కారు. ఆరో సెక్షన్‌లోనే ఆ వివరణ ఉంది. ఎన్నేళ్లు పెంచినా సరే, పెళ్లి ఒక్కటే ఆ హక్కు తెచ్చిపెట్టదు. అదే ఏడాది వచ్చిన వారసత్వ చట్టంలో కూడా సవతి తండ్రి స్వార్జితానికి సవతి పిల్లలు మొదటి తరగతి వారసులు కారు. ప్రేమ ఉంది కదా అని ఊరుకోకుండా వీలునామా రాసుకోండి. లేదా దత్తత తీసుకోండి.

దత్తతకి రెండు దారులు. హిందూ దత్తత చట్టంలో మామూలుగా పదిహేనేళ్లు దాటిన పిల్లల్ని తీసుకోలేరు, కూతురు ఉన్నవాళ్లు ఇంకో కూతుర్ని, కొడుకు ఉన్నవాళ్లు ఇంకో కొడుకుని తీసుకోలేరు. రెండోది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. అందులో సవతి తల్లిదండ్రుల దత్తతకి ప్రత్యేక పద్ధతి ఉంది, కేంద్ర దత్తత సంస్థ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. 2022 సెప్టెంబరు నుంచి ఉత్తర్వు జిల్లా కలెక్టరే ఇస్తున్నారు, కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. కన్న తల్లి గానీ తండ్రి గానీ బతికి ఉంటే వాళ్ల సమ్మతి కావాలి.

వరంగల్_డాడీ
@ప్లీడరు_గుమాస్తా ఇంటిపేరు సంగతేంటి సార్? బాబు తనంతట తానే నోటు పుస్తకాల మీద నా ఇంటిపేరు రాసుకుంటున్నాడు. వాళ్ల తాతగారు బాధపడుతున్నారు.

ప్లీడరు_గుమాస్తా
సరిగ్గా ఇలాంటి కేసే మన దగ్గర్నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్త పోయి, మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి. బిడ్డ ఇంటిపేరు మీద తండ్రి తరఫువాళ్లతో వివాదం. రికార్డుల్లో రెండో భర్త పేరు ఎక్కడ రాసినా "సవతి తండ్రి" అని రాయాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంది. 2022 జూలై 28న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అలా రాయించడం దాదాపు క్రూరమని, బిడ్డ మనసు మీద పడే దెబ్బ చూడకుండా చేసిన పని అని గట్టిగానే అంది. తండ్రి లేనప్పుడు ఏకైక సహజ సంరక్షకురాలిగా బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనని చెప్పింది.

మీ విషయంలో తొందరేమీ లేదు. పదో తరగతి మెమోలో ఏ పేరు పడితే జీవితాంతం అదే వెంట వస్తుంది కాబట్టి ఆలోగా ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. తాతగారిని కూడా కూర్చోబెట్టుకోండి.

గోదారిగట్టు
1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. నూట నలభై ఏళ్లు దాటినా మనం పీటల దగ్గర ఎవరు నిలబడాలి అని పంచాయితీ పెట్టుకుంటున్నాం. రాజమండ్రివాణ్ని, సిగ్గేస్తోంది.

చింతపండుపులిహోర
మీరు సిగ్గుపడే లోపు ఆ పెద్దావిడ హారతి పళ్లెం పట్టుకుపోతుంది.

భోగిమంట
మా ఇంట్లో ఇద్దరికీ పాత పిల్లలు ఒక్కొక్కరు, తర్వాత కలిపి ఒక బుడ్డది. బుడ్డదానికి భోగిపళ్లు పోసినప్పుడు పెద్దవాళ్లిద్దరూ మాకూ పోయమని కూర్చున్నారు. ఒకడికి పన్నెండు, ఇంకొకామెకి తొమ్మిది! ఐదేళ్ల లోపు పిల్లలకే పోస్తారురా అంటే వినరు. వచ్చిన నలుగురు మామ్మలూ ఎవరి మనవల మీద వాళ్లు మొదలుపెట్టి, తర్వాత కలగాపులగంగా అందరి మీదా పోసేశారు. చిల్లర నాణేల కోసం ముగ్గురూ మంచం కిందికి దూరారు. రెండు రోజుల దాకా ఇంట్లో ఎక్కడ కాలు పెట్టినా రేగిపండే.

ఏలూరు_వేణి
అందరివీ రెండేసిసార్లు చదివాను. మా ఆయనకి కూడా చదివి వినిపించాను, ఆవకాయ ముక్క దగ్గర తెగ నవ్వారు.

ఒక చిన్న సంగతి చెప్పాలనిపించింది. తను మొదట్లో జడలు వాళ్ల నానమ్మ చేతే వేయించుకునేది. నేను దువ్వెన తీస్తే అటు వెళ్లిపోయేది. సరేలే అని వదిలేశాను. నానమ్మ ఊరెళ్లినప్పుడు కూడా వంకర పాపిటతో తనే వేసుకుని వెళ్లేది. ఐదో తరగతిలో ఒకరోజు నేను కూర తరుగుతుంటే కొబ్బరినూనె గిన్నె, రెండు ఎర్ర రిబ్బన్లు తెచ్చి నా ముందు పెట్టి, వీపు తిప్పుకుని కూర్చుంది. ఏమీ అడగలేదు. నా చేతులకి ఉల్లిపాయ వాసన. కడుక్కొచ్చేలోపు లేచి వెళ్లిపోతుందేమోనని చీరకే తుడుచుకుని మొదలుపెట్టాను. "ఉల్లిపాయ వాసనొస్తోంది" అంది. "తలంటు పోస్తాలే ఆదివారం" అన్నాను. అప్పట్నుంచి ప్రతి ఆదివారం తలంటు నాదే.

ఇక ఫంక్షన్ విషయం. పిల్లని అడిగాను, నీకు ఎవరెవరు ఎక్కడుండాలని ఉందో చెప్పమని. తన బెంగ వేరే! ఓణీ పచ్చిమిరప రంగు కావాలట, ఫంక్షన్ ఆదివారమైతేనే స్నేహితురాళ్లు వస్తారట, ఐస్‌క్రీమ్ బటర్‌స్కాచ్ ఉండాలట. చివర్లో "హారతి నువ్వూ అత్తా కలిసి ఇవ్వండి, అత్త ఒక్కతే అయితే పళ్లెం వంచేస్తుంది" అంది.

కోదాడ_బాపు
తీర్పు వచ్చేసింది. అప్పీలు లేదు.

బాపట్ల_బుజ్జి
పచ్చిమిరప రంగు ఓణీకి వంగపండు రంగు లంగా వేయండి వేణి గారూ. మేనమామకి ముందే చెప్పండి, మగాళ్లని వదిలేస్తే గులాబీ మీద గులాబీ తెస్తారు.

నిజం_నిష్ఠూరం
బటర్‌స్కాచ్ విషయంలో పిల్లతో నేను ఏకీభవిస్తున్నాను.

ఏలూరు_వేణి
అయిపోయింది, బాగా జరిగింది. పెద్దావిడ వచ్చారు, అక్షింతలు వేశారు, మూడుసార్లు వడ్డించుకుని తిన్నారు. హారతి ఇద్దరం ఇచ్చాం.

మేనమామ బస్సు దిగి నేరుగా వచ్చాడు. ఓణీ రంగు తప్పలేదు (బుజ్జి గారూ, ఫోటో పంపాను ముందే). ఆయన సంచిలోంచి ఇంకో పొట్లం తీశాడు. మా చిన్నాడికి పట్టు పంచె, కండువా. వాడు ఆయనకి ఏమీ కాడు, వరస కూడా లేదు. "అక్కకి పెట్టి తమ్ముడికి పెట్టకపోతే ఎలా" అన్నాడు. మా అమ్మ అప్పటిదాకా బిగుసుకుని కూర్చున్నది, లేచి వెళ్లి ఆయనకి స్వయంగా విస్తరి వేసింది. చిన్నాడు పంచె మీద బెల్టు పెట్టుకుని మేడంతా పరిగెత్తాడు.

వరంగల్_డాడీ
మేనమామకు నా తరఫున దండం చెప్పండి.

రాజోలు_రమ
పంచె మీద బెల్టు! ఫోటో పెట్టండి, పిల్లాడి మొహం కనబడకుండా అయినా సరే.

కొత్తగా_చేరా
ఈ చర్చ అంతా ఒక్క రాత్రిలో చదివాను. నాకు వచ్చే మాఘంలో పెళ్లి. నాకు ఏడేళ్ల పాప, ఆయనకి పదేళ్ల బాబు. పాప, నేను ఆయన ఇంటికి మారుతున్నాం. మొదటి నెలల్లో ఏం చూసుకోవాలి? పెద్ద పెద్ద సలహాలు కాదు, చిన్నవే చెప్పండి.

పిన్నిగారబ్బాయి
బాబు గదిలో వస్తువులు వాడు లేనప్పుడు సర్దకండి. వాళ్లమ్మ ఫోటోలు ఉంటే ఉన్నచోటే ఉండనివ్వండి.

డాలస్_తాయారు
పాపని తన పాత దుప్పటి, పాత దిండుతోనే తీసుకెళ్లండి, మాసిపోయినా సరే. కొత్తవి తర్వాత కొనొచ్చు. బాబుకి ఇష్టమైన టిఫిన్ ఏమిటో ఆయన్ని కాదు, బాబునే అడగండి. ఆయనకి తెలియదు, పందెం.

ప్లీడరు_గుమాస్తా
మాఘం అంటే స్కూలు ఏడాది మధ్యలో పడుతుంది. వీలైతే పాప స్కూలు ఈ ఏడాదికి మార్చకండి. ఇంకోటి, పాస్‌పోర్టు ఎప్పుడైనా తీయిస్తే కంగారుపడొద్దు, 2016 డిసెంబరు నుంచి అమ్మ, నాన్న ఇద్దరి పేర్లూ ఉండి తీరాలన్న నియమం లేదు, ఒక్కరి పేరు చాలు.

భోగిమంట
పిల్లలిద్దరూ ఒకే గదిలో పడుకునేట్టయితే ఫ్యాను ఎన్నో నంబర్లో ఉండాలో పెళ్లికి ముందే ఒప్పందం రాయించండి. మా ఇంట్లో ఇప్పటికీ తెగలేదు. ప్లీడరు గారూ, దీనికేమైనా సెక్షన్ ఉందా?

ప్లీడరు_గుమాస్తా
లేదు. రెండు టేబుల్ ఫ్యాన్లు కొనుక్కోండి.